గర్భసంచిలో అతుకులు విడదీయించుకున్నారా? మళ్లీ నెల తప్పే ముందు ఇవి చూసుకోండి

గర్భం నిలవనప్పుడు చేసే క్లీనింగ్ తర్వాత నెలసరి బాగా తగ్గిపోయి, గర్భసంచి లోపలి గోడలు అతుక్కున్నాయని తేలి, హిస్టరోస్కోపీతో (లోపలికి సన్నని కెమెరా పంపి చేసే ఆపరేషన్) విడదీయించుకున్నవారికి ఇంట్లో మొదట వినిపించే మాట ‘ఇక ఆలస్యం చేయొద్దు’ అని. కానీ ఇక్కడ కొంచెం ఆగడమే మేలు. విడదీసిన చోట మళ్లీ అతుక్కునే గుణం ఈ జబ్బుకి ఉంది. అందుకే ఈస్ట్రోజన్ మాత్రలిస్తారు, కొందరికి లోపల చిన్న బెలూన్ పెడతారు, కొన్ని వారాల తర్వాత మళ్లీ కెమెరాతో చూస్తారు. నెలసరి బాగానే వస్తోందని ఆ రెండో చూపు మానేయకండి. గర్భసంచి టీబీ వల్ల వచ్చిన అతుకులైతే మందుల కోర్సు మధ్యలో ఆపకండి.

ఈలోగా భర్తకి వీర్యపరీక్ష చేయించండి. ఆడమనిషి ఆపరేషన్ దాకా వెళ్తుంది గానీ, ఈ చిన్న పరీక్షకి మగవాడు కదలడు.

నెల తప్పితే ఆరేడు వారాలకే స్కానింగ్ చేయించాలి, పిండం ట్యూబులో ఉందేమో చూడ్డానికి. ఒక పక్క పొత్తికడుపు నొప్పి, కళ్లు తిరగడం ఉంటే తెల్లారేదాకా ఆగకండి. గర్భం నిలవకపోతే మళ్లీ క్లీనింగ్‌కి ఒప్పుకునే ముందు పాత ఆపరేషన్ సంగతి చెప్పి, మాత్రలతో అవుతుందేమో అడగండి.

అసలు భయం మాయతోనే (కడుపులో బిడ్డకి ఆహారం అందించే ప్లాసెంటా). మచ్చపడిన గోడలోకి మాయ లోతుగా పాతుకుపోతే కాన్పులో ఊడిరాదు, రక్తం ఆగదు. ఐదో నెల స్కానింగ్‌లో మాయ ఎక్కడుంది, ఎలా అంటుకుంది అని పట్టుబట్టి అడగండి. అనుమానముంటే నొప్పుల దాకా ఆగరు, 34–36 వారాల మధ్యే ఆపరేషన్ పెట్టుకుంటారు. రాత్రి పూట కూడా మత్తు డాక్టరు, బ్లడ్ బ్యాంకు ఉండే పెద్దాసుపత్రిలోనే కాన్పు జరగాలి.

మనకి కాన్పుకి కన్నవారింటికి వెళ్లే అలవాటు ఉంది కదా. అక్కడి డాక్టరుకి మీ గతం తెలియదు. డిశ్చార్జి కాగితం, హిస్టరోస్కోపీ రిపోర్టు ప్లాస్టిక్ కవర్లో పెట్టి తీసుకెళ్లండి. కన్నవారిల్లు ఇచ్ఛాపురం వైపో, సీతంపేట కొండల్లోనో, పెద్దాసుపత్రికి దూరంగా అయితే వెళ్లకపోవడమే నయం. కాన్పు అక్టోబరు, నవంబరుల్లో పడితే మరీను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు చెట్లు కూలి దారులు మూసుకుపోయాయి. తుపాను హెచ్చరిక రాకముందే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖల్లో మీ డాక్టరు చెప్పిన ఆసుపత్రికి దగ్గర్లో ఒక గది చూసుకోండి, మీ గ్రూపు రక్తం ఇచ్చేవాళ్లతో ముందే మాట్లాడి ఉంచండి.