ఎమ్మెస్సీ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ ఎలా చదవాలి?

డిగ్రీలో అందరికీ ఉండే పర్యావరణ విద్య పేపర్ చూసి, ఇది బట్టీ పడితే సరిపోయే సబ్జెక్టు అనుకొని పీజీలో చేరేవాళ్లు చాలామంది. చేరాక టైట్రేషన్లు, స్టాటిస్టిక్స్ ఎదురై బెంబేలెత్తిపోతారు.

1. ఎంట్రన్స్: తెలంగాణలో సీపీజీఈటీ, ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ పీజీసెట్, సెంట్రల్ యూనివర్సిటీలకు సీయూఈటీ-పీజీ. ఏ డిగ్రీవాళ్లకు అర్హత ఉందో ఆ ఏడాది నోటిఫికేషన్‌లోనే చూసుకోండి, సీనియర్ల మాట నమ్ముకోవద్దు.

2. చేరేలోపు ఇంటర్ కెమిస్ట్రీ దుమ్ము దులపండి. మోలారిటీ, నార్మాలిటీ, పీహెచ్ లెక్కలు చాలు. బయాలజీ నుంచి వచ్చినవాళ్లకు టెన్షన్ మొదలయ్యేది ఇక్కడే.

3. ఒక పరీక్షనైనా చేయి తిరిగేదాకా చేయండి. నన్నడిగితే, నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచే వింక్లర్ పద్ధతి. 300 మి.లీ. బీఓడీ సీసాను (గాజు మూత బిగుతుగా పట్టే ల్యాబ్ సీసా) చెరువు నీటితో గాలి బుడగ లేకుండా నింపి, అక్కడికక్కడే మాంగనీస్ సల్ఫేట్, ఆల్కలీ అయోడైడ్ అజైడ్ రెండేసి మి.లీ. వేసి, మూత పెట్టి తలకిందులుగా తిప్పండి. గోధుమరంగు అవక్షేపం వస్తే ఆక్సిజన్ ఉన్నట్టు, తెల్లగా ఉండిపోతే లేనట్టే. అది అడుగుకు దిగాక 2 మి.లీ. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం జాగ్రత్తగా వేస్తే కరిగిపోతుంది. అందులోంచి 200 మి.లీ. తీసి 0.025 నార్మల్ థయోసల్ఫేట్‌తో టైట్రేట్ చేయండి. లేత పసుపుకు వచ్చాకే స్టార్చ్ వేయాలి. నీలం పోయేదాకా ఎన్ని మి.లీ. పట్టిందో, లీటరుకు దాదాపు అన్ని మి.గ్రా. ఆక్సిజన్.

4. శాంపిల్ తీసిన టైం, నీటి ఉష్ణోగ్రత రాసుకోండి. నాచు పట్టిన చెరువులో మధ్యాహ్నం కిరణజన్య సంయోగక్రియ వల్ల ఆక్సిజన్ పుష్కలంగా కనిపిస్తుంది. రాత్రంతా నాచు, బ్యాక్టీరియా వాడుకోవడంతో తెల్లారేసరికి అడుగంటుతుంది. చేపలు చచ్చి తేలేది ఎక్కువగా ఆ వేళలోనే. మూడింటికి తీసిన ఒక్క శాంపిల్‌తో చెరువు బాగుందని రాస్తే వైవాలో దొరికిపోతారు.

5. ప్రాజెక్టు చిన్నదే పెట్టుకోండి. జిల్లా భూగర్భ జలాలన్నీ కాదు, మురుగు కలిసే ఒక్క చెరువు చాలు. మ్యాపులకు క్యూజీఐఎస్, స్టాటిస్టిక్స్ లెక్కలకు ఆర్ (R), రెండూ ఉచిత సాఫ్ట్‌వేర్లే.

6. నెట్ రాయాలనుకుంటే, యూజీసీ నెట్‌లో ఎన్విరాన్‌మెంటల్ సైన్సెస్ విడిగా ఉంది. ఉద్యోగమే కావాలంటే, 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ చదివి, మీ జిల్లాలోని ఏదైనా పరిశ్రమ ఈఐఏ నివేదిక తెరవండి. ప్రజాభిప్రాయ సేకరణకు పెట్టే సారాంశం తెలుగులోనూ ఉంటుంది. నీటి శాంపిళ్లు ఏ నెలలో, ఎక్కడ తీశారో ముందు వెతకండి.