కరెంటు పోగానే పొంగే అక్వేరియం సంప్: నా అనుభవం

మా చేపల తొట్టి కింద ఉన్న సంప్ (తొట్టి నీరు దిగి, మోటారుతో మళ్లీ పైకి వెళ్లే రెండో తొట్టి), కరెంటు పోయిన కాసేపటికే అంచు దాటి నేలమీదికి పొంగేది. మోటారు ఆగినప్పుడు, అంతవరకు నీటిని పైకి తెచ్చిన రిటర్న్ పైపే సైఫన్‌గా మారి, దాని మూతి నీటి మట్టానికి పైన తేలేదాకా తొట్టిలోని నీటిని వెనక్కి లాగుతూనే ఉంటుంది. దీన్ని ఆపడానికే ఆ పైపుకు నీటి మట్టానికి కాస్త దిగువన చిన్న రంధ్రం పెడతారు. మట్టం అక్కడికి దిగగానే గాలి లోపలికి దూరి సైఫన్ తెగిపోతుంది. టార్చి వేసి చూస్తే, మా పైపు రంధ్రం నాచుతోనూ, బోరునీటి వల్ల పేరుకున్న తెల్లటి గారతోనూ పూర్తిగా పూడుకుపోయి కనిపించింది.

పిన్నీసుతో నాచు వచ్చింది గాని గార కదలలేదు. పైపును ఊడదీసి, నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీటిలో రాత్రంతా నానబెట్టాక, పళ్ల బ్రష్‌తో రుద్దగానే అది పొడిపొడిగా రాలింది. మోటారులో నీటిని నెట్టే రెక్కల చక్రానికీ (ఇంపెల్లర్) ఇలాగే చేయడంతో, కొంతకాలంగా మందగించిన ప్రవాహం కూడా పుంజుకుంది. తిరిగి బిగించే ముందు రెండింటినీ మంచినీటితో బాగా కడగడం తప్పనిసరి.

నీటిని ఒకేవైపు పోనిచ్చే చెక్ వాల్వ్ బిగించమని చాలామంది సలహా ఇస్తారు. చిన్న నత్త అడ్డుపడినా దాని మూత సరిగా మూసుకోదు కనుక, దానిమీదే ఆధారపడటం నాకు సమ్మతం కాదు. అందుకే మోటారును కావాలని ఆపి, నీరు దిగడం పూర్తిగా నిలిచేదాకా చూసి, అప్పటికీ సంప్ పొంగనంత మట్టాన్ని గుర్తించి, మోటారు నడిచేటప్పుడు నీరు దాటకూడని చోట మార్కర్‌తో గీత గీశాను.