రాళ్లకు చుట్టరికం కలిపే ముందు

వేర్వేరు చోట్ల దొరికిన పాతరాతియుగపు పనిముట్లు ఒకే సంప్రదాయానికి చెందినవా అని తేల్చాలంటే, ముందు ఒక్కో రాయిని చేతిలో తిప్పి చూడండి. పెచ్చు (పెద్ద రాయిని కొట్టి లేపిన ముక్క) మీద దెబ్బ తగిలిన చోట ఉబ్బు ఉందా? అంచును రెండు వైపులా చెక్కారా? దిమ్మను, అంటే పెచ్చులు లేపే ఆ పెద్ద రాయిని, ముందే సిద్ధం చేసుకుని పెచ్చు లేపారా? ఒక్కో లక్షణానికి ఉంటే 1, లేకపోతే 0 వేయండి. పొడవును మాత్రం నేను అంతగా నమ్మను. పదును పెట్టేకొద్దీ పనిముట్టు చిన్నదైపోతుంది, మా అమ్మమ్మ కత్తిపీటలాగే.

రెండు చోట్ల పనిముట్ల అంకెలు కలిశాయని వెంటనే వంశవృక్షం గీసేయకండి. మొదట్లో నేనూ ఆ తొందరే పడ్డాను. ఒకే పద్ధతిని వేర్వేరు చోట్ల ఎవరికి వారే కనిపెట్టుకోవచ్చు. రాయి రకం కూడా ఆకారాన్ని మారుస్తుంది.

అందుకే అవి దొరికిన నేల పొరలు కూడా చూడాలి. నంద్యాల జిల్లా జ్వాలాపురంలో సుమారు 74,000 ఏళ్ల నాటి, ఇండోనేషియాలోని టోబా అగ్నిపర్వతం నుంచి వచ్చిన బూడిద పొర ఉంది. దాని కిందా పైనా దొరికిన మధ్య పాతరాతియుగపు పనిముట్లు దాదాపు ఒకే తీరు. అలాంటి చోట చుట్టరికం కలపడానికి కాస్త ధైర్యం వస్తుంది.