ఓనరు ఇల్లు చూడటానికి వస్తున్నారా? అద్దెకుండేవాళ్లు ఇలా సిద్ధం కావాలి

"ఈ ఆదివారం వచ్చి ఒకసారి ఇల్లు చూసి వెళ్తాం" అని ఓనరు ఫోన్ చేయగానే టెన్షన్ మొదలవుతుంది, అందులోనూ ఖాళీ చేసే నెలయితే మరీ. చూసేది ఇల్లే అయినా తేలాల్సింది అడ్వాన్సు లెక్క. హైదరాబాద్‌లో చాలాచోట్ల రెండు నెలల అద్దె అడ్వాన్సుగా తీసుకుని, వెళ్లేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెలది పట్టుకుంటారు. మిగిలిందైనా పూర్తిగా చేతికి రావాలంటే కొంచెం ముందుచూపు కావాలి.

1. పాలు పొంగించకముందే వీడియో తీయండి

అసలు పని ఇదే. సామాను దిగకముందు, ఖాళీ ఇంట్లో గది గదికీ తిరిగి ఫోన్లో తీయండి. గోడల మీద చెమ్మ, పాత మేకుల రంధ్రాలు, టైల్స్ పగుళ్లు, సింకు కింద పైపు, దోమల మెష్ చిరుగులు అన్నీ పడాలి. ఫ్యాన్లు, గీజరు వేసి చూపించండి. ఆ వీడియోను అదే రోజు ఓనరుకు వాట్సాప్‌లో పంపండి, తేదీ దానంతటదే ఉంటుంది. నేను మొదటి ఇంట్లో ఈ పని చేయలేదు. బాత్రూమ్‌లో మేం చేరేనాటికే పగిలి ఉన్న టైలు గురించి మూడేళ్ల తర్వాత "అప్పుడు బాగానే ఉందండీ" అన్నారు ఓనరు. కాదనడానికి నా దగ్గర ఏముంది?

2. అగ్రిమెంటు బయటికి తీయండి

మన దగ్గర దీన్ని ఎక్కువగా పదకొండు నెలలకే రాసుకుంటారు. సంతకం పెట్టాక దాన్ని మళ్లీ చూసేవాళ్లు తక్కువ. నోటీసు ఎన్నాళ్లు, పెయింటింగ్‌కు ఎంత అన్నవి చూడండి. పెయింటింగ్‌కు ఒక నెల అద్దె అని రాసి ఉంటే, మీరు సొంత ఖర్చుతో రంగులు వేయించకండి. రెండుసార్లు కట్టినట్టవుతుంది.

3. ఎప్పుడొస్తారో ముందే చెప్పమనండి

కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం ప్రకారం, ఓనరు కనీసం 24 గంటల ముందు రాతపూర్వకంగానో ఫోన్ మెసేజీ ద్వారానో కారణం, రోజు, వేళ చెప్పాలి. అది నమూనా మాత్రమే, రాష్ట్రం తన చట్టం చేసుకుంటేనే అమలవుతుంది. అయినా మాట్లాడుకోవడానికి మంచి ఆధారం. "రేపు పదింటికి రండి అంకుల్, ఇంట్లోనే ఉంటాం" అని మర్యాదగా అంటే చాలు. టు-లెట్ బోర్డు పెట్టాక కొత్తవాళ్లను వెంటబెట్టుకుని వేళాపాళా లేకుండా వస్తుంటే, వారంలో రెండు సాయంత్రాలు ఖాయం చేసుకోండి.

4. ఏది ఎవరి ఖర్చో తెలుసుకోండి

అదే నమూనా చట్టంలో ఓ జాబితా ఉంది. వేరే ఒప్పందం లేకపోతే కుళాయిలు, వాషర్లు, స్విచ్చులు, తాళాలు, కిటికీ అద్దాలు, గీజరు రిపేరు అద్దెకున్నవాళ్ల వంతు. గోడల సున్నం, తలుపులకు రంగు, పైపులు మార్చడం, వైరింగ్ ఓనరు వంతు. సున్నం ఓనరు ఖాతాలో ఉందని చదివి నేను నవ్వుకున్నాను. మన అగ్రిమెంట్లలో అది ఎప్పుడో ఇటు జరిగిపోయింది.

చిన్నవి ముందే బాగు చేయించండి. వంటింటి జిడ్డు, చిమ్నీ, బాత్రూమ్ మరకలు ఒక పూట పని. చాలామంది ఓనర్ల చూపు ముందు పడేది అక్కడే. పైఅంతస్తు నుంచి నీరు దిగి చెమ్మ పట్టిందా? అది మీ తప్పు కాదు. కాకపోతే కనిపించిన రోజే ఫొటో పంపి ఉండాలి. వెళ్లే రోజు చెబితే ఎవరూ నమ్మరు.

5. ఆ రోజు వెంటే ఉండండి

గది గదికీ మీరూ నడవండి, స్విచ్చులన్నీ వేసి చూపించండి. దేనికైనా డబ్బు పట్టుకుంటామంటే వాదన పెంచకుండా "దేనికి ఎంతో వాట్సాప్‌లో పెట్టండి అంకుల్, బిల్లు కూడా" అనండి. నోటిమాటకు సరేననకండి. కరెంటు మీటరు రీడింగు ఫొటో తీసి, చివరి బిల్లు, మెయింటెనెన్స్ బాకీ అక్కడే లెక్క చూసుకోండి.

తాళాలు మాత్రం తొందరపడి వాచ్‌మన్‌కు ఇచ్చేయకండి. నమూనా చట్టం ప్రకారం కూడా ఇల్లు అప్పగించిన రోజే, బాకీలు పోగా మిగిలిన అడ్వాన్సు తిరిగివ్వాలి. డబ్బు అకౌంట్లో పడ్డాక తాళాలు ఓనరు చేతికే ఇచ్చి, "అందాయి" అని ఒక మెసేజీ పెట్టించుకోండి.