అంబేడ్కర్ బౌద్ధంలో చేరదలచినవారికి

అంబేడ్కర్ చూపిన బౌద్ధంలోకి రావాలనుకునేవారిలో చాలామంది మొదట దీక్ష తేదీ అడుగుతారు. అంతకంటే ముందు సంఘాన్ని వెతకండి. కులం పేరుతో ఊరి చివరకు నెట్టిన మనిషికి తనను తమవాడిగా చూసుకునే మనుషులు కావాలి; మతం పేరు మారినంత మాత్రాన ఆ మనుషులు దొరకరు.

సికింద్రాబాద్ చుట్టుపక్కల ఉన్నవారు మహేంద్రా హిల్స్‌లోని ఆనంద బుద్ధ విహారానికి వెళ్లవచ్చు. విహారం లేని ఊళ్లలో అంబేడ్కర్ భవనంలోనో ఎవరి ఇంట్లోనో త్రిశరణ (బుద్ధుణ్ణి, ధమ్మాన్ని, సంఘాన్ని శరణు వేడడం), పంచశీల (ఐదు నీతి నియమాలు) పఠనం జరుగుతుందేమో విచారించండి. కొన్ని నెలలపాటు వెళ్లి వినండి, బుద్ధ పూర్ణిమ పనుల్లో చేయి కలపండి. అక్కడ స్త్రీలు కూడా మాట్లాడుతున్నారా, మాల మాదిగలు ఒకే పంక్తిలో భోజనం చేస్తున్నారా అన్నది తప్పక గమనించండి, ఎందుకంటే సమానత్వం ఆచరణలో లేని చోట ఎంత మంచి ప్రసంగం విన్నా మీ వెలితి తీరదు.

తొందరపడనవసరం లేదు. హిందువుగా మరణించనని 1935లో యేవలాలో ప్రకటించిన అంబేడ్కర్, 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో దీక్ష తీసుకునేవరకు 21 ఏళ్లు అధ్యయనం చేశారు.

ఈలోగా ఆయన ఇచ్చిన 22 ప్రతిజ్ఞలను ఇంట్లో అందరితో కలిసి చదవండి. అసలు కష్టం ఇక్కడే ఉంది. శ్రాద్ధం పెట్టనని, పిండప్రదానం చేయనని, మద్యం ముట్టనని అందులో ఉంది. రేపు తండ్రి సంవత్సరీకం వస్తే ఏం చేస్తారో తల్లితో, అన్నదమ్ములతో ఇప్పుడే మాట్లాడుకోవాలి. ఆమె కన్నీళ్లను మూఢనమ్మకమని కొట్టిపారేయకండి. ఆ రోజున బంధువులను పిలిచి, త్రిశరణాలు చదివి, ఆయన జ్ఞాపకాలు చెప్పుకొని, కలిసి భోజనం చేయవచ్చునని వివరిస్తే చాలామంది తల్లులు ఒప్పుకుంటారని నా నమ్మకం. ఒప్పుకోకపోతే ఆగండి, కుటుంబాన్ని పోగొట్టుకొని సంఘాన్ని సంపాదించుకోవలసిన అవసరం లేదు.

దీక్షా కార్యక్రమం సరళమైనది. తెల్లని దుస్తులు ధరించి, త్రిశరణాలు, పంచశీలాలు, ప్రతిజ్ఞలు పలకాలి. భిక్షువు దొరకలేదని బాధపడకండి: భిక్షు చంద్రమణి వద్ద దీక్ష తీసుకున్న అంబేడ్కర్, గృహస్థుగానే తన అనుచరులకు తానే దీక్ష ఇచ్చారు.

ఇక కాగితాల సంగతి. బౌద్ధులైతే ఎస్సీ హోదా పోతుందన్న భయం ఇంకా వినిపిస్తోంది. 1990 సవరణతో షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు బౌద్ధులకూ వర్తిస్తుంది కాబట్టి, మతం గడిలో బౌద్ధమని నిర్భయంగా రాయండి.