ఆధునిక డేనిష్ కథలు, కవితలు చదివి అర్థం చేసుకోవడం ఎలా?

డెన్మార్క్ సాహిత్యం అంటే మనలో చాలామందికి ఆండర్సన్ పిల్లల కథల దగ్గరే ఆగిపోతుంది, ఆ తర్వాత వచ్చిన నవలలూ కవితలూ మొదటిసారి చదివినవాళ్ళు ఎక్కువగా అనే మాట "ఇందులో ఏమీ జరగట్లేదే" అని. బోలెడు జరుగుతుంది, కాకపోతే చాలావరకు రచనని కట్టిన తీరులో దాచి పెడతారు, అందుకే అర్థం కంటే ముందు ఆ తీరు చూడటం నేర్చుకోవాలి.

ముందు ఒక పెన్సిల్ పట్టుకుని ఇంగర్ క్రిస్టెన్సెన్ 1981లో రాసిన ఆల్ఫాబెట్ అనే దీర్ఘకవిత తీయండి, సుసాన్నా నీడ్ చేసిన ఇంగ్లీష్ అనువాదం చాలు. మొదట లైన్లు మాత్రమే లెక్కపెట్టండి. మొదటి భాగం ఒకే లైను, ఆప్రికాట్ చెట్లు ఉన్నాయని రెండుసార్లు చెప్తుంది, అంతే. తర్వాత 2 లైన్లు, 3, 5, 8, 13, 21, అంటే ముందు రెండూ కలిపితే తర్వాతది, ఫిబొనాచి లెక్క, పైగా ఒక్కో భాగానికి ఒక్కో అక్షరం, ఎ తో మొదలై ఎన్ దగ్గర ఆగిపోతుంది. గణాలు, యతి, ప్రాస చూసుకుంటూ పద్యం చదివే అలవాటున్నవాళ్ళకి ఈ పని బాగా నచ్చుతుంది.

ఇప్పుడు పక్కన రెండు వరసలు గీసుకుని ప్రకృతిలోవి ఒకవైపు, మనిషి చేసినవి ఇంకోవైపు రాయండి. రెండో భాగంలోనే బ్లాక్‌బెర్రీల పక్కన హైడ్రోజన్ వస్తుంది, అక్కడ అమాయకంగానే ఉంటుంది, కానీ ముందుకు పోయాక ఆటంబాంబు, హిరోషిమా, నాగసాకి తేదీలతో సహా వస్తాయి, అప్పుడు హైడ్రోజన్‌తోనూ బాంబు చేస్తారని గుర్తొస్తుంది, వెనక్కొచ్చి ఆ హైడ్రోజన్ చుట్టూ గీత గీయండి. చెట్టు ఉంది, బాంబూ ఉంది, రెండిటికీ ఒకటే క్రియ, ఆవిడ ఎక్కడా గొంతు పెంచలేదు, నాకైతే ఈ కవితలో అన్నిటికంటే భయం పుట్టించేది అదే. లెక్క అలాగే సాగితే ఎన్ తర్వాతి భాగానికి 987 లైన్లు కావాలి, కాబట్టి ఎందుకు ఆపారు అని మీరే ఆలోచించండి. చెట్టు పెరిగే లెక్కా నాశనం పెరిగే లెక్కా ఒకటే అయినప్పుడు ఇక కొనసాగించలేని చోట ఆపారని నేను చదువుకుంటాను.

నవలలకి వస్తే హెల్లె హెల్లె అనే రచయిత్రితో మొదలుపెట్టడం మంచిది. 2011లో వచ్చిన ఆవిడ నవలలో డోర్టె అనే అమ్మాయి గ్లుమ్సో రైల్వే స్టేషన్ పక్కన ఒంటరిగా అద్దెకుంటుంది, కోపెన్‌హాగన్ యూనివర్సిటీలో చదువుతున్నట్టు లెక్క, రైలెక్కి సిటీకి వెళ్తుంది కానీ క్లాసుకి వెళ్ళదు. బాధగా ఉందని ఒక్కసారి కూడా వివరించి చెప్పదు. ఇక్కడ చేయాల్సింది ఏంటంటే ఒక్కో అధ్యాయం అయ్యాక తను ఏ ప్రశ్నకి జవాబు చెప్పలేదో, ఎక్కడ మాట మార్చిందో రాసుకోండి. ఏం కొన్నది, ఏం తిన్నది అనే చిన్న వివరాలకి సింబల్ అని పేరు పెట్టేయొద్దు, ఆ వివరాల మధ్య ఖాళీ ఎంతుందో చూడండి. పుస్తకం పేరేమో ఇది వర్తమానంలో రాయాల్సింది అంటుంది, కథేమో భూతకాలంలో నడుస్తుంది, ఈ తేడా దగ్గర కాసేపు ఆగితే డోర్టె గురించి సగం తెలిసిపోతుంది.

తర్వాత, రచయిత జీవితం ఎంతవరకు వాడుకోవాలి అన్నది. టోవె డిట్లెవ్సెన్ కోపెన్‌హాగన్‌లో కార్మికులుండే వెస్టర్‌బ్రోలో పెరిగారు, తన బాల్యం, యవ్వనం గురించి రాసుకున్న పుస్తకాలు 1967లో, మూడోది 1971లో వచ్చాయి, 1976లో ఆత్మహత్య చేసుకున్నారు. ఈ చివరి విషయం తెలియగానే ప్రతి పేజీలో దాన్నే వెతుకుతాం, దయచేసి అలా చదవొద్దు, ఎందుకంటే ఆ పుస్తకాల్లో రాయాలని తపించే పిల్ల ఉంది, ఆడపిల్ల కవి కాలేదనే తండ్రి ఉన్నాడు, ఏ సంఘటన తర్వాత ఏది పెట్టారో చూస్తే ఎంత నేర్పుగల రచయిత్రో అర్థమవుతుంది.

యాహ్యా హసన్ విషయంలోనూ అంతే. పాలస్తీనా కుటుంబంలో పుట్టిన ఈ కుర్రాడి మొదటి కవితా సంపుటి 2013లో వచ్చింది, లక్షకి పైగా కాపీలు అమ్ముడయ్యాయి, 2020లో 24 ఏళ్ళకే చనిపోయాడు. కవితలన్నీ పెద్దక్షరాల్లోనే (క్యాపిటల్ లెటర్స్‌లోనే) ఉంటాయి, మన లిపిలో అలాంటిది లేదు కాబట్టి ఆ అరుపు వినపడాలంటే పైకి చదవాల్సిందే. వలసల మీద వాదనకి సాక్ష్యంగా వాడుకోకుండా ముందు కవితగా వినండి.

గ్రీన్‌లాండ్ కనిపిస్తే మాత్రం చరిత్ర తెలుసుకోకుండా ముందుకెళ్ళొద్దు, కిమ్ లైనె 2012 నవల అక్కడ డెన్మార్క్ సాగించిన వలసపాలన గురించే.

ఇదంతా అలవాటయ్యాక సోల్వై బల్లె ఏడు సంపుటాలుగా మొదలుపెట్టిన నవలలో మొదటిది తీసుకోండి. టారా సెల్టర్‌కి ప్రతిరోజూ నవంబర్ 18వ తేదీయే తెల్లారుతుంది. పొద్దున్నే మళ్ళీ మామూలైపోయేవి ఏవి, షాపు నుంచి తెచ్చుకుని తను తినేసిన సరుకుల్లాగా తిరిగి రానివి ఏవి, ఇవి విడివిడిగా రాసుకుంటూ చదవండి.