శోధన వేళ వాక్యాన్ని నోటితో పలకడం ఎలా?

ప్రభువు నామంలో వందనాలు. బాపట్ల దగ్గర మా ఊళ్లో ప్రతి గురువారం మధ్యాహ్నం స్త్రీల కూడిక జరుగుతుంది. నేను బట్టలు కుట్టుకుంటూ ఆ కూడిక పని కూడా చూసుకుంటాను. అక్కడికొచ్చే ఆడవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే: "అక్కా, అపవాది (సాతాను) మీద వాక్యం (బైబిలు మాట) పలకాలంటారు కదా, అదెలా పలకాలి?" వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు మత్తయి 4వ అధ్యాయం తీయండి. 40 రోజుల ఉపవాసం తర్వాత ప్రభువుకు మూడు శోధనలు వచ్చాయి. మూడుసార్లూ ఆయన "వ్రాయబడియున్నది" అనే జవాబిచ్చాడు. ఆ మూడు జవాబులూ ద్వితీయోపదేశకాండము నుంచే వచ్చాయి. ఒకటి 8వ అధ్యాయం 3వ వచనం, మిగతా రెండూ 6వ అధ్యాయంలో 16, 13 వచనాలు. ఇశ్రాయేలీయులు 40 ఏళ్లు అరణ్యంలో పడ్డ శోధనల గురించి మోషే చెప్పిన మాటలవి. అరణ్యంలో ఆకలితో ఉన్న ప్రభువు, అరణ్యంలో ఆకలి చూసినవాళ్లకు ఇచ్చిన మాటనే తీసుకున్నాడు. చేతికి దొరికిన వచనం విసరలేదు. వచ్చిన శోధనకు సరిపడే మాట పలికాడు.

అదే అధ్యాయంలో అపవాది కూడా వచనం చెప్పాడని మరిచిపోకండి. వాడు 91వ కీర్తన ఎత్తుకున్నాడు. దూతలు నిన్ను చేతులతో ఎత్తుకుంటారన్నాడు. "నీ మార్గములన్నిటిలో" అనే మాట మాత్రం వదిలేశాడు. ఆ వెంటనే 13వ వచనంలో సింహాలనూ నాగుపాములనూ తొక్కుతావని ఉంది, అక్కడిదాకా అసలు పోలేదు. సగం వచనం ఎంత ప్రమాదమో దీన్నిబట్టే చూడండి.

అందుకే మొదటి పని వచనం వెతకడం కాదు, అబద్ధాన్ని పట్టుకోవడం. రాత్రి పడుకోగానే మనసులో తిరిగే మాట ఏమిటి? "దేవుడు నన్ను మరిచిపోయాడు", "ఈ అప్పు తీరదు, ఈ ఇల్లు నిలబడదు", "నేను చేసినదానికి నాకు క్షమాపణ లేదు". ఆ మాటను ఉన్నది ఉన్నట్టుగా ఒక కాగితం మీద రాయండి. "ఏదో టెన్షన్‌గా ఉంది" అని రాస్తే సరిపోదు. మాట స్పష్టంగా ఉంటేనే దానికి జవాబు దొరుకుతుంది.

దాని కింద జవాబు రాయండి. మరిచిపోయాడనే మాటకు యెషయా 49:15 ఉంది: తల్లి అయినా చంటిపిల్లను మరిచిపోతుందేమో గాని "నేను నిన్ను మరువను". భయానికి కీర్తన 27:1, "యెహోవా నాకు వెలుగును రక్షణయునై యున్నాడు, నేను ఎవరికి భయపడుదును?" నేరారోపణకు రోమా 8:1, "క్రీస్తుయేసునందున్నవారికి ఏ శిక్షావిధియు లేదు".

ఈ చివరిదాని దగ్గర కాస్త ఆగాలి. మనసు పొడుస్తున్నది నిజమైన తప్పు గురించైతే రోమా 8:1 దాన్ని కప్పిపెట్టడానికి పనికిరాదు. చీటీ డబ్బు ఎగ్గొట్టి "శిక్షావిధి లేదు" అంటూ కూర్చుంటే అది ఆత్మీయ పోరాటం అవ్వదు. అప్పుడు పాపాలు ఒప్పుకుంటే ఆయన క్షమిస్తాడనే 1 యోహాను 1:9 పలకండి, ఒప్పుకోండి, డబ్బు తిరిగివ్వండి. ఒప్పుకున్న తర్వాత కూడా అదే పాపం పేరుతో రాత్రింబగళ్లు నేరం మోపేది అపవాదేనని ప్రకటన 12:10 చెబుతుంది. రోమా 8:1ని గట్టిగా పట్టుకోవాల్సింది అప్పుడు.

వచనం దొరికాక దాని ముందూ వెనుకా చదవండి. కనీసం ఆ అధ్యాయమంతా. కొత్త సంవత్సరం ఆరాధనలో వాగ్దాన కార్డు తీసుకుంటాం కదా, చాలామందికి యిర్మీయా 29:11 వస్తుంది, దేవుని ఉద్దేశాలు సమాధానకరమైనవే గాని హానికరమైనవి కావనే వచనం. దానికి ముందున్న 10వ వచనం 70 సంవత్సరాల బబులోను చెర గురించి చెబుతుంది. అది చదివి పలికేవారికి వచ్చే నెలకల్లా అన్నీ సర్దుకోలేదని విశ్వాసం కుంగదు.

ఇక పలకడం. ఎదురుగా కూర్చున్న మనిషితో మాట్లాడేంత గొంతు చాలు. మైకులో అరిచినట్టు అరవక్కర్లేదు, గొంతు పెద్దదైతే అధికారం పెరగదు. మన పాత బైబిలు మాటలు పొడుగ్గా ఉంటాయి కాబట్టి ముక్కలు చేసుకుని, ముక్కకొకసారి ఊపిరి తీసుకోండి: "యెహోవా నాకు వెలుగును... రక్షణయునై యున్నాడు... నేను ఎవరికి భయపడుదును?" మొదటిసారి రాసినది రాసినట్టే పలకండి. రెండోసారి దాన్ని ప్రార్థనగా మార్చండి: "యెహోవా, నీవే నాకు వెలుగు, రేపు బ్యాంకుకి వెళ్లేటప్పుడు కూడా నీవే." మూడోసారి మళ్లీ వాక్యంగానే. నోరు నిదానించేకొద్దీ చెవి వింటుంది, వినుట వలన విశ్వాసం కలుగుతుందని రోమా 10:17లో ఉంది కదా. నా కుట్టుమిషను మీద ఆ వారం వచనం ఒక అట్టముక్క మీద రాసి అంటించుకుంటాను. సూదిలో దారం ఎక్కించిన ప్రతిసారీ దాన్ని ఒకసారి పైకి చదువుతాను.

చదువు రానివాళ్లు బాధపడక్కర్లేదు. మా అత్తగారికి అక్షరం ముక్క రాదు, 121వ కీర్తనలోని 8 వచనాలూ నోటికి వచ్చు. ఒకరు చదువుతుంటే విని, వారి వెనకాలే అని నేర్చుకున్నారు. ఇప్పుడు ఫోనులో ఆడియో బైబిలు ఉంది, అది ఒక వచనం చెప్పగానే ఆపి మీరు చెప్పండి. పిల్లలతో అయితే 136వ కీర్తన చాలా బాగుంటుంది. పెద్దవాళ్లు ముందు సగం చదివితే, పిల్లలు "ఆయన కృప నిరంతరముండును" అని 26 సార్లు జవాబు చెబుతారు. చీకటంటే భయపడే పిల్లలకు పడుకునే ముందు ఇది చేయించండి.

అపవాదిని గద్దించే విషయంలో వరస తప్పకండి. యాకోబు 4:7లో ముందు "దేవునికి లోబడియుండుడి", ఆ తర్వాతే "అపవాదిని ఎదిరించుడి". ముందు దేవునితో మాట్లాడాలి. తర్వాత "యేసు నామములో ఈ అబద్ధాన్ని నేను ఒప్పుకోను" అని ఒక్క మాటలో చెప్పి, వాక్యం పలికి ఊరుకోవాలి. వాడితో గంటలకొద్దీ వాదన పెట్టుకోవద్దు. ప్రధానదూత మిఖాయేలే "ప్రభువు నిన్ను గద్దించును గాక" అన్నాడని యూదా 9లో ఉంది. లోబడకుండా యేసు నామాన్ని మంత్రంలా వాడబోయిన స్కెవ అనే యూదా యాజకుడి కుమారులు ఏడుగురు ఏ స్థితిలో పారిపోయారో అపొస్తలుల కార్యములు 19లో చదవండి.

రెండు చోట్ల మాత్రం నేను గట్టిగానే చెబుతాను. కోడలి మీదో, తోడికోడలి మీదో, పక్కింటివాళ్ల మీదో వాక్యం విసరకండి. "మనము పోరాడునది శరీరులతో కాదు" అని ఎఫెసీ 6:12 చెబుతుంది. వాళ్లు వినేలా వంటింట్లో శాపనార్థాల కీర్తన చదవడం పోరాటం కాదు, పోట్లాట. రెండోది, మూర్ఛ వచ్చినవారినీ, నెలల తరబడి దిగులుతో లేవలేనివారినీ చూసి దయ్యమని తేల్చేయకండి, వాళ్ల మాత్రలు ఆపించకండి. పౌలు వెంట ఉన్న లూకా వైద్యుడు. తిమోతి కడుపు జబ్బుకు పౌలు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, వరండాలో వాళ్ల చెయ్యి పట్టుకుని 23వ కీర్తన పలకండి.

ఒక్కసారి పలకగానే అంతా పోవాలని చూడకండి. ప్రభువునైనా అపవాది "కొంతకాలము" మాత్రమే విడిచిపోయాడని లూకా 4:13లో ఉంది. అదే ఆలోచన మర్నాడు వస్తే అదే వచనం మర్నాడూ పలకండి. కొన్ని రాత్రులు ధైర్యపు మాట ఒక్కటీ నోటికి రాదు. ఆ రాత్రులకు 13వ కీర్తన ఉంచుకోండి, ఆరు వచనాలే. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని మొదలవుతుంది. అదీ వాక్యమే, దాన్నీ పైకి పలకవచ్చు. ఇంట్లోవాళ్లు నిద్రపోతుంటే పెదవులతో గుసగుసగా చదవండి. చివరి రెండు వచనాల్లోని స్తుతి మనస్ఫూర్తిగా రాకపోయినా, అక్కడిదాకా చదివే పుస్తకం మూయండి.